ధర్మమూ ధరా: ఒక రేవు ఊరి నుంచి



ముప్పై యేళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మాటల అర్థాలు వెతకటం నాకు వృత్తిగా మొదలై వ్యసనంగా మిగిలింది. అలా వెతికిన మాటల్లో నన్ను ఎక్కువకాలం వేధించింది ‘ధర్మం’. దీనికి మన భాషలో రెండు అర్థాలు స్థిరపడ్డాయి. ధర్మశాస్త్రం, ధర్మాసనం అన్నప్పుడు అది న్యాయం. గడప ముందు నిలబడి ‘ధర్మం చెయ్యండి తల్లీ’ అన్నప్పుడు అది బిచ్చం. న్యాయానికీ బిచ్చానికీ ఒకే మాట ఎలా సరిపోయిందా అని చాలాకాలం ఆశ్చర్యపడుతూ వచ్చాను. ఈ వ్యాసానికి మూలం ఆ ఆశ్చర్యమే. అయితే దానికి ఒక కథ కూడా ఉన్నది. ముందు అది చెబుతాను.

1984 నవంబరు నడిమిలో శ్రీహరికోట ప్రాంతంలో పెనుతుపాను తీరం దాటింది. అప్పటికి నేను కృష్ణపట్నం పరిసరాల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన పడుచు ఉపాధ్యాయుణ్ణి. గాలీ నీరూ తగ్గిన తరువాత మా పక్కనున్న పట్టపుపాళేనికి ఒక చర్చి తరఫున సహాయం వచ్చింది. గోధుమరవ్వ, నూనె, దుప్పట్లు. ఇవన్నీ ఎక్కడో విదేశాల్లో ఆదివారం పూజకు వచ్చినవాళ్ళు వేసిన చందాలతో వచ్చాయని చెప్పారు. నా చేతిరాత బాగుంటుందని పేర్ల జాబితా రాసే పని నాకు అప్పగించారు. ఇంటి యజమాని పేరు, ఇంట్లో ఎందరు, గుడిసె పోయిందా, తెప్ప పోయిందా, వల పోయిందా అని గళ్ళు గీసి రాసుకుంటూ పోయాను. మతం అనే గడి అందులో లేదు. వరసలో అన్ని రకాల వాళ్ళూ ఉన్నారు.

వరసలో ఒక నడివయసు స్త్రీ వంతు వచ్చింది. వేలిముద్ర వేసి, రవ్వ సంచీ చంకన పెట్టుకొని, వెళ్ళబోతూ ఆగి నన్ను అడిగింది: “అయ్యవారా, ఊరికే ఇచ్చేదానికి ఇన్ని గళ్ళు గీసి రాస్తా ఉండారే, మా చేపకి ధర రాసే కాగితం యాడన్నా ఉండాదా?”

“అది నాకు తెలియదమ్మా” అన్నాను. ఆమె నవ్వి వెళ్ళిపోయింది.

ఆమె అడిగినదానిలో ఎత్తిపొడుపు లేదు. తీరం మీద చేప ఎవరి మాట మీద అమ్ముడుపోతుందో అక్కడ అందరికీ తెలుసు. తెప్పకో వలకో ముందుగా అప్పిచ్చిన షావుకారుకే పట్టిన చేప పోవాలి, అతడు చెప్పిన ధరకే పోవాలి. అప్పు తీరదు, ధర పెరగదు. తుపాను వచ్చిన యేడు సముద్రం అవతలి నుంచి రవ్వ వస్తుంది. తుపాను రాని యేళ్ళలో ఏమి వస్తుంది? ఆ ప్రశ్నకు జవాబు కోసం ఇన్నేళ్ళుగా చదివినదాన్ని నాకు చేతనైనంతలో ఇక్కడ కూర్చి చెబుతున్నాను.

*

మన తీరానికి ఈ చర్చ కొత్తది కాదు. మాకు ఉత్తరాన, ఇప్పటి బాపట్ల జిల్లాలో, మోటుపల్లి ఉన్నది. 1244లో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి అక్కడ ఒక శాసనం వేయించాడు. చరిత్రకారులు దాన్ని అభయ శాసనం అంటారు. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకునంతా పూర్వపు రాజులు బలవంతంగా లాక్కొనేవారు. గణపతిదేవుడు దాన్ని మాన్పించాడు. ప్రాణాలకన్న ధనమే మిన్న అనుకొని సముద్రం దాటి వచ్చే వర్తకుల మీద దయతోనూ, కీర్తి కోసమూ, ధర్మం కోసమూ ఇకమీదట నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోమని మాట ఇచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద ఆ సుంకం ముప్పయ్యో వంతు. ఎంత తీసుకుంటారో రాతి మీద చెక్కి ఉన్నది కాబట్టి అధికారి నోటికి వచ్చిన లెక్క చెల్లదు.

ఓడ మునిగినవాడికి ఆ రాజు అన్నదానం చేసి ఉండవచ్చు, చేయకపోయి ఉండవచ్చు. శాసనం దాని గురించి కాదు. బలవంతుడి చేతిని కట్టివేసే ఒక లెక్కను అది ముందుగా చాటింది. దయ అనే మాటా సుంకం అనే మాటా ఒకే రాతి మీద ఉన్నాయి. ధర్మం అనే మాటకు రెండు అర్థాలు ఎలా పొసగుతాయో నాకు మొదట తోచింది ఆ శాసనపాఠం చదివినప్పుడే.

*

అక్కడి నుంచి ఆరు శతాబ్దాలు దాటి 1876–78 నాటి కరవుకు వద్దాం. మన పెద్దలు ధాత కరవు అని చెప్పుకొన్నది దీన్నే. మద్రాసు రాజధానిలో లక్షల ప్రాణాలు పోయాయి, నెల్లూరు జిల్లాకూ ఆ దెబ్బ తగిలింది. కృష్ణపట్నం పక్కగా పోయే ఉప్పుకాలువకు బకింగ్‌హాం కాలువ అనే పేరు ఆ రోజుల్లోనే వచ్చింది. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు. కాలువలో కొన్ని భాగాలను కరవు పనిగా కూలీల చేత తవ్వించారు. ఆ కరవులో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కూలి, మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. అది మనిషి కష్టపడి పని చేయటానికి చాలదని మద్రాసు పారిశుద్ధ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు.

1877లో లండన్ మేయరు తెరచిన కరవు నిధికి ఇంగ్లండు ప్రజలు లక్షల పౌన్లు ఇచ్చారు. చర్చీలలో వసూళ్ళు జరిగాయి. ఇచ్చిన వారిలో సామాన్యులూ ఉన్నారు. ఆ డబ్బు ఇక్కడ ఎన్నో ప్రాణాలను నిలబెట్టింది, దానికి కృతజ్ఞత చెప్పుకోవలసిందే. కాని అదే కాలంలో మన దేశపు రేవుల నుంచి ధాన్యం ఓడలెక్కి పోవటం ఆగలేదు. వ్యాపారంలో ప్రభుత్వం చేయి పెట్టరాదన్నది నాటి సిద్ధాంతం. ఒక ఓడలో చందా వస్తున్నది, మరొక ఓడలో ధాన్యం పోతున్నది. చందా వేసిన పుణ్యాత్ములలో ఎందరికి ఆ రెండో ఓడ సంగతి తెలిసి ఉంటుంది?

*

ఆ కరవుకు ఒక సంవత్సరం ముందు, 1875లో, లండన్‌లో పుట్టిన మిల్‌హిల్ కతోలిక సభ గురువులు తెలుగు ప్రాంతంలో పనికి వచ్చారు. ఇంగ్లండు, హాలండు, టైరోల్ వంటి చోట్ల నుంచి ఆ సభకు యువకులు చేరేవారు. 1928లో నెల్లూరు మేత్రాసనం ఏర్పడింది, తొలి పీఠాధిపతి విలియం బౌటర్ ఆ సభవారే. గురువు ఇక్కడ ఉంటాడు, అతని కన్నవారూ తోడబుట్టినవారూ చిన్ననాటి విచారణ చర్చీ అక్కడ ఉంటాయి. అతడు ఉత్తరం రాస్తాడు, అక్కడ పెట్టె తిరుగుతుంది. బడికీ ఆసుపత్రికీ అనాథశరణాలయానికీ మొదట డబ్బు వచ్చిన తోవ ఇదే.

రెండో ప్రపంచయుద్ధం తరువాత ఈ తోవ రాజబాట అయింది. 1943లో అమెరికా పీఠాధిపతులు నెలకొల్పిన కాథలిక్ రిలీఫ్ సర్వీసెస్ 1946లో మన దేశానికి వచ్చింది. 1958లో జర్మనీ పీఠాధిపతులు మిజెరియోర్ ప్రారంభించారు. 1960లో ఇంగ్లండులో కతోలిక స్త్రీ సంఘాలు ఒక పూట ఉపవాసం ఉండి, మిగిలిన డబ్బును కరేబియన్ దీవి డొమినికాలోని తల్లీపిల్లల వైద్యశాలకు పంపాయి. 1962లో ఏర్పడిన కాఫోడ్ సంస్థకు బీజం అదే. అదే యేడు మన దేశంలో కారితాస్ ఇండియా ఏర్పడింది. ఐర్లండులో 1973లో త్రోకేరా మొదలైంది, తపస్సుకాలం వచ్చిందంటే ఇంటింటా దాని అట్టపెట్టె కనిపించేది. అమెరికాలో 1975లో అలెన్‌టౌన్ అనే ఊళ్ళో బియ్యపు గిన్నె పేరుతో ఇలాంటిదే పుట్టింది.

మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. అడిగినవాడికి లేదనకుండా ఉండటానికి. తాను మానుకొన్న ముద్దను పక్కవాడికి ఇవ్వటమనే పద్ధతి ఆ అట్టపెట్టెలోనూ మా అమ్మ కుండలోనూ ఒక్కటే. అందుకే ఆ దాతలను తక్కువ చేసి మాట్లాడటానికి నాకు నోరు రాదు. రవ్వ కోసం మతం మారారని మాటలనే నోళ్ళు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. ఆకలితో వరసలో నిలబడటమంటే ఏమిటో తెలిసినవాడు ఆ మాట అనలేడు. అయితే ఒక చిక్కు మాత్రం నిజం. ఇచ్చే చేయి ఎప్పుడూ పైనా, పుచ్చుకొనే చేయి ఎప్పుడూ కిందా ఉండిపోతే, కింది చేయి చేసే పనికి వెల కట్టే మాట ఎవరి నోటా రాదు.

*

ఆ మాట వచ్చింది. చిత్రంగా, అదే చర్చీల ఆవరణల్లో నుంచే వచ్చింది.

1959లో హాలండులోని కెర్క్‌రాదె అనే గనుల పట్టణంలో కొందరు కతోలిక యువకులు ఒక సంఘం పెట్టుకొన్నారు. మొదట వారు చేసింది దానమే, సిసిలీ దీవికి పాలపిండి పంపారు. కొంతకాలానికి వారి దృష్టి దానం నుంచి కొనుగోలు వైపు మళ్ళింది. 1967లో హైతీ దేశపు కొయ్య బొమ్మలను నేరుగా తయారీదారుల నుంచి కొని, చర్చీల ద్వారా, స్వచ్ఛంద బృందాల ద్వారా అమ్మారు. 1969లో బ్రూకెలెన్ అనే ఊళ్ళో ఇలాంటి సరుకు అమ్మే మొదటి ప్రపంచ దుకాణం వెలసింది. పదిహేడో శతాబ్దంలో మా తీరానికి దక్షిణాన పులికాటులో కోట కట్టి బట్టల వ్యాపారం చేసిన డచ్చివారి వారసులే వీరు. తాతలు తక్కువ ధరకు ఎలా కొనాలా అని ఆలోచిస్తే, మనుమలు కొంత ఎక్కువ ధరకు ఎలా కొనవచ్చునా అని ఆలోచించారు.

వారి వెనుక పెద్దల ఆలోచన కూడా కదులుతూ ఉన్నది. 1964 డిసెంబరులో ఆరో పౌలు పాపుగారు బొంబాయి వచ్చి, ఆయుధాల ఖర్చులో కొంత భాగాన్ని పేదల కోసం ప్రపంచనిధిగా పెట్టమని దేశాలను కోరారు. మూడేళ్ళు తిరగకముందే, 1967లో వెలువరించిన లేఖలో, ఇంకొక మెట్టు ఎక్కారు. వ్యాపారం న్యాయంగా లేకపోతే ఇచ్చిన సహాయం వ్యర్థమవుతుందనీ, బలవంతుడూ బలహీనుడూ చేసుకొన్న ఒడంబడిక ఇద్దరూ ఒప్పుకొన్నారన్నంత మాత్రాన న్యాయం కాజాలదనీ ఆ లేఖ సారాంశం. 1968లో ఢిల్లీలో ఐక్యరాజ్యసమితి వాణిజ్య సమావేశం జరిగినప్పుడు పేద దేశాలు పట్టుబట్టింది కూడా ఇందుకే.

షావుకారూ తెప్పవాడూ చేసుకొన్న ఒప్పందం గురించి పట్టపుపాళెం ఆడమనిషి అడిగినదీ, రోములో కూర్చున్న పెద్దాయన రాసినదీ ఒకటే విషయం. ఆమె ఆ లేఖ చదవలేదు, చదవవలసిన అవసరమూ లేదు.

*

అయితే చర్చి చేయి పడగానే వ్యాపారం న్యాయమైపోతుందని అనుకోరాదు. దానికి మన గడ్డ మీదనే సాక్ష్యం ఉన్నది. గోదావరి ప్రాంతంలో నరసాపురం అల్లికలు ప్రసిద్ధం. 19వ శతాబ్దంలో ఆ లేసు పనిని నేర్పినవారు ప్రొటెస్టెంట్ మిషనరీ కుటుంబాలవారు. పేద స్త్రీలకు ఇంటిపట్టున నాలుగు డబ్బులు రావాలని నేర్పారు, తమ దేశాలలోని స్నేహితుల ద్వారా అమ్మించారు. ఉద్దేశం మంచిదే. తరువాత అది పెద్ద ఎగుమతి వ్యాపారమైంది. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర అక్కడ ఉండి పరిశోధించి, 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకం ప్రచురించారు. రోజంతా కళ్ళు పోయేలా అల్లే స్త్రీని పనిమనిషిగా లెక్కించరు. ఆమె ఇల్లాలు, తీరిక వేళ కాలక్షేపానికి అల్లుకొంటుంది అంటారు. కాలక్షేపానికి కూలి ఏమిటి? ఆ ఒక్క మాటతో ఆమె సంపాదన కనీస వేతనానికి ఎంతో దిగువన ఉండిపోయింది. 2024లో ఆ అల్లికకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. గుర్తింపు అల్లికకు వచ్చినట్లే అల్లిన చేతికీ రావాలి.

దీనికి ఎదురుగా నిలబెట్టదగిన ఉదాహరణ కేరళ తీరంలో ఉన్నది. తిరువనంతపురం కతోలిక మేత్రాసనం 1960లలో మరియనాడు అనే చోట జాలరి కుటుంబాలకు ఒక కొత్త ఊరు కట్టించింది. ఇళ్ళు కట్టినంత మాత్రాన బతుకు మారలేదు. అక్కడ పనిచేస్తున్న సంఘసేవకులూ జాలరులూ కలిసి పట్టుకొన్న అసలు కీలకం ఒడ్డు మీది వేలంపాట. చేపను షావుకారు మనిషి కాక జాలరుల సంఘమే పాట పెట్టింది. పాటలో వచ్చిన డబ్బులో కొంత అప్పు కిందికీ కొంత పొదుపు కిందికీ మినహాయించుకొని మిగిలింది చేతికిచ్చింది. సంఘంలో సభ్యత్వం సముద్రం మీదికి వెళ్ళేవాడికే. ఇలాంటి ఊరి సంఘాలన్నీ కలిసి 1980లో దక్షిణ భారత మత్స్యకారుల సంఘాల సమాఖ్యగా రూపుదిద్దుకొన్నాయి. దాన్నే సిఫ్స్ అంటారు. చేపకు ధర రాసే కాగితం నిజంగానే ఒకచోట ఉన్నదన్నమాట. 1984లో నాకు ఆ సంగతి తెలియదు. తెలిసి ఉంటే ఆమెకు చెప్పి ఉండేవాణ్ణి కదా అన్న బాధ ఇప్పటికీ ఉన్నది.

*

హాలండులో మొదలైన పాయ ఒకటి చివరకు తెలుగు పొలాల దాకా వచ్చింది. 1969లో డచ్చి కతోలిక పీఠాధిపతుల పూనికతో లాటిన్ అమెరికా పేదల కోసం సాలిడారిడాడ్ అనే సంస్థ మొదలైంది. తరువాత ఇతర చర్చీలూ చేరాయి. మెక్సికోలోని ఓహాకా కొండల్లో ఫ్రాన్స్ వాన్ డెర్ హోఫ్ అనే డచ్చి గురువు ఆదివాసీ కాఫీ రైతుల మధ్య బతికేవాడు. ఆ రైతులకు కావలసింది దానం కాదు, కాఫీకి తగిన ధర. ఆయనా, సాలిడారిడాడ్‌కు చెందిన నికో రోజెన్ అనే ఆయనా కలిసి 1988లో మాక్స్ హావెలార్ అనే ముద్రను తెచ్చారు. జావాలో డచ్చి పాలకుల దోపిడీని ఎండగట్టిన 1860 నాటి నవలలోని నాయకుడి పేరు అది. ఆ ముద్ర ఉన్న సరుకుకు ఒక కనీస ధర ఉంటుంది, బజారు పడిపోయినా అంతకు దిగరాదు. దాని పైన కొంత అదనపు సొమ్ము రైతు సంఘానికి వస్తుంది. దానితో బావి తవ్వాలా, గిడ్డంగి కట్టాలా అన్నది సంఘమే తేల్చుకొంటుంది.

1997–98లో వరంగల్లు ప్రాంతంలో పత్తి రైతుల ఆత్మహత్యలు మనందరినీ కలచివేశాయి. ఆ తరువాత, 2004లో, అదే సాలిడారిడాడ్ తోడ్పాటుతో చేతన ఆర్గానిక్ అనే ప్రయత్నం మొదలైంది. ఆదిలాబాదులోనూ, ఒడిశా, విదర్భలలోనూ చిన్న పత్తి రైతులను సంఘాలుగా కూర్చి, సేంద్రియ సాగు నేర్పి, న్యాయవాణిజ్య ముద్రతో పత్తిని అమ్మించింది. పిమ్మట రైతులే వాటాదారులుగా కంపెనీ కూడా ఏర్పడింది. హాలండు చర్చీలలో తిరిగిన చందా పెట్టె ఇలా ఎన్నో మలుపులు తిరిగి, ఆదిలాబాదు పత్తి మూటకు ధరగా మారింది.

దీని పరిమితులూ చెప్పాలి. ముద్రకు ఖర్చు ఉన్నది, తనిఖీలు ఉన్నాయి. పత్తి రైతుకు ధర వచ్చినా పత్తి ఏరిన కూలితల్లికి ఎంత చేరిందన్నది వేరే ప్రశ్న. కొనేవాడు ముద్ర ఉన్న పత్తిని కొంతే కొంటే మిగిలినది మామూలు బజారుకే పోతుంది. ఇంగ్లండులో 1979 నుంచి చర్చీ బల్లల మీద ఇలాంటి సరుకు అమ్మించిన ట్రెయిడ్‌క్రాఫ్ట్ కంపెనీ 2023 జనవరిలో అప్పుల పాలై పరిపాలకుల చేతికి వెళ్ళింది. దాతకు వచ్చిన కష్టం దానాన్ని ఆపినట్లే, కొనేవాడికి వచ్చిన కష్టం న్యాయమైన ధరనూ ఆపగలదు.

*

మళ్ళీ మా ఊరికి వస్తాను. 2008లో కృష్ణపట్నంలో కొత్త ఓడరేవు ప్రారంభమైంది. కండలేరు కలిసే చోట ఒకప్పుడు తెప్పలు కనబడేవి, ఇప్పుడు కొండల్లాంటి ఓడలు కనబడతాయి. చుట్టుపక్కల మండలాలలో రొయ్యల చెరువులు. నెల్లూరు జిల్లా రొయ్య అమెరికా భోజనబల్ల మీదికి పోతున్నది. ఒకనాడు మాకు రవ్వ పంపిన దేశానికి మేమిప్పుడు వంటకం పంపుతున్నాం.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఇక్కడ చెరువుగట్టు మీద ధర పడింది. ఎన్ని తపస్సుకాలాలు ఎన్ని పెట్టెలు తిరిగితే అంత సొమ్ము పోగవుతుంది? ఒక్క సంతకం దాన్ని మింగివేసింది. ఆ వార్త చదివిన రాత్రి నాకు మోటుపల్లి రాయి గుర్తుకు వచ్చింది. ముప్పయ్యో వంతు, అంతకు మించి తీసుకోము అని చెక్కిన అక్షరాలు.

పెట్టెలో చిల్లర వేసే ముసలమ్మను నేను ఇప్పటికీ గౌరవిస్తాను. తుపాను వచ్చిన నాడు ఆమె రవ్వే మా వాళ్ళ ఆకలి తీర్చింది. ఇల్లు కూలినవాడితో ధరల శాస్త్రం మాట్లాడటం పాపం. కాని తుపాను వెలిసిన మర్నాడు ఆ చిల్లరకు తోడు ఆమె ఇంకొక పని కూడా చేయాలి. తన బల్ల మీది కాఫీ, బట్ట, రొయ్య ఎవరి చేతుల మీదుగా ఎంతకు వచ్చాయని అడగాలి. అడిగినవాళ్ళు ఆ చర్చీలలోనే పుట్టారన్నది చరిత్ర. ఇక్కడ మన వాళ్ళలోనూ అడిగేవాళ్ళు పుట్టాలి. నరసాపురం అల్లికకు మనం బజారులో బేరమాడేటప్పుడు ఆ ప్రశ్న మనకూ వర్తిస్తుంది.

ధర్మం అనే మాటకు రెండు అర్థాలు ఎందుకు వచ్చాయో నాకు ఇప్పుడు అర్థమైనట్లే ఉన్నది. న్యాయం జరగని చోట దాని లోటును పూడ్చటానికి బిచ్చం వచ్చి నిలబడుతుంది. పేరు మాత్రం పాతదే ఉంచుకొంటుంది.

ఆనాడు నేను గళ్ళు గీసిన కాగితంలో ఇంటి యజమాని, గుడిసె, తెప్ప, వల అని నాలుగు శీర్షికలు పెట్టాను. ధర అనే గడి కూడా ఒకటి గీసి, ఖాళీగానైనా ఉంచి ఉండవలసింది. ఆ పాళెంలో ఆమె ఇప్పుడు ఉన్నదో లేదో కాని, ఆమె ప్రశ్న మాత్రం నా దగ్గర భద్రంగా ఉన్నది. చదువరులకు అప్పగిస్తున్నాను.

స్వస్తి.